ఆర్లిస్ గాంట్ పేరు ఎక్కని పలక

ఆర్లిస్ గాంట్ బుద్ధెరిగాక ఒక్క అబద్ధం ఆడలేదు. వాడు చేప బరువు నోటితో చెప్తే చాలు, కాటా ముల్లు తనే సర్దుకుని అక్కడికొచ్చి నిలబడేది. బాస్ చేపలు పట్టేవాళ్లలో ఇలాంటివాడు పుట్టడం అలబామా మొత్తానికే తలవంపులు. మా రిజర్వాయర్‌లో తప్పించుకుపోయిన చేప, పట్టినవాడు ఇల్లు చేరేలోగా బారెడు పెరగాలి. నా గాలం తెంపుకుపోయినదాని తోక తగిలి ఆనకట్టకి బీట పడింది, కావాలంటే వెళ్లి చూసుకోండి. ఆర్లిస్‌ని అడిగితే మాత్రం, "చిన్నదే. జారిపోయింది" అనేవాడు. వాడి పక్కన కూర్చుంటే ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కూడా చప్పబడిపోయేవి.

వాడు టైర్ల షాపులో పని చేసేవాడు. సెలవొస్తే అన్న వెండెల్ పడవలో వెనక సీటు. గాలం వెండెల్‌ది, కింద వల పట్టేది ఆర్లిస్. ఎరలమ్మే లుర్లీన్ కొట్టు గోడకి ఒక చెక్క పలక ఉంది. ఏటా శరత్కాలం పోటీలో గెలిచినవాడి పేరు ఇత్తడి రేకు మీద చెక్కి దానికి బిగిస్తారు. సగం రేకుల మీద వెండెల్ పేరే.

"నన్ను వెండెల్ తమ్ముడు అనే పిలుస్తారు అందరూ. ఆ పలక మీద ఒక్కసారి ఆర్లిస్ అని ఉంటే చాలు," అన్నాడు ఆర్లిస్ నాతో ఒకసారి. వాడు ఏదైనా కావాలనగా విన్నది అదొక్కటే.

తర్వాత వెండెల్‌కి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, చక్రాల కుర్చీ వచ్చింది. ఆ ఏడు ఆర్లిస్ ఒక్కడే పోటీకి దిగాడు.

ఎండ మెత్తబడి పైనీళ్లు చల్లబడగానే షాడ్ అనే చిన్న చేపలు గుంపులుగా వాగుల్లోకి ఎగబాకుతాయి. వాటిని మేస్తూ వెనకే బాస్. ఇంతవరకూ ఊరందరికీ తెలుసు. ఏ వాగు, ఏ మలుపు అన్నది మాత్రం ఎవడి గుట్టు వాడిది. అందుకే మా పోటీకి ఒక కట్టుబాటు: ముందు వారమంతా ఎవరినీ చోటు అడక్కూడదు, ఎవరైనా చెప్పినా వినకూడదు. గెలిచినవాణ్ణి అబద్ధాలు పట్టే మెషిన్ ముందు కూర్చోబెడతారు. నవ్వకండి. మా దగ్గర పెళ్లికొడుక్కి లేని పరీక్ష బాస్ పట్టినవాడికుంది.

ఆర్లిస్ ఐదు చేపలు తెచ్చి కాటాలో వేశాడు. లుర్లీన్ నోరు తెరిచింది.

"ఏరా ఆర్లిస్, పందుల్ని మేపుతున్నావా నీళ్లలో?"

"సికమోర్ వాగులో, మునిగిన పాత వంతెన దగ్గర పడ్డాయి," అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

వెనక గదిలో వేళ్లకి వైర్లు తగిలించారు. ఆ చోటు ఎవరైనా చెప్పారా అని అడిగారు. లేదన్నాడు. మెషిన్ ముల్లు ఎగిరిపడింది. గెలుపు చెల్లదన్నారు. రేకు మీద రెండోవాడి పేరు చెక్కారు.

ఇంటి తాళాలు వాడికిచ్చి ఊళ్లకెళ్లినవాళ్లే తాళాలు మార్చుకున్నారు. టైర్ల షాపుకొచ్చి, "గాలి నిజంగా కొట్టావా, కొట్టానని చెప్తున్నావా?" అని ఇకిలించేవాళ్లు. చర్చిలో వాడి బెంచీ మీద వాడొక్కడే. నేను మాత్రం, నిజం వినే అలవాటు లేక మెషినే బెదిరిందని ఊరంతా తిరిగి చెప్పాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసినా, మాటల్లో నాతో నెగ్గినవాడు ఈ జిల్లాలో లేడు. ఈ ఒక్క విషయంలో ఎవడూ నమ్మలేదు.

చివరికి వెండెల్ తనే కుర్చీ తోయించుకుని లుర్లీన్ కొట్టుకొచ్చాడు. కొట్టు నిండా జనం, ఆర్లిస్ ఒక మూల. వెండెల్ వంకరపోయిన నోటితో ఒక్కో మాటా కూడదీసుకున్నాడు.

"నా తమ్ముడికి ఎవరూ చెప్పలేదు. వాడే పట్టాడు. మెషిన్‌దే తప్పు."

అందరూ తలలు దించుకున్నారు. వెండెల్ మాటంటే కొట్టులో ఎవరికైనా మాటే. లుర్లీన్ కళ్లద్దాలు తుడుచుకుని, పలక దించి రేకు మార్చడానికి స్టూలు లాగింది. "చూశారా, మెషినే అబద్ధాలకోరు!" అని నేను బల్ల మీద గుద్దాను.

ఆర్లిస్ పలక వంక చూశాడు. అన్న వంక చూశాడు. స్టూలు తీసి గోడకి చేరేశాడు.

"మెషిన్ సరిగ్గానే చెప్పింది. పోటీ వారంలోనే మా అన్న చెప్పాడు, వంతెన దగ్గరికెళ్లమని. లేచి వచ్చెయ్యాల్సింది. కూర్చుని విన్నాను."