గాలికుంటు నోటుబుక్కు

మా ఊరికి గాలికుంటు వచ్చిందన్న కబురు మొదట నాకు తెచ్చింది మా వీధి పాల అత్త. ఇరవై ఏళ్ళ పైమాట, పత్తి తీతల రోజులు.

"ఏమే పిల్లా, పడమటి వీధి గేదెలకి నోరంతా పుళ్ళంట, గిట్టలంతా పుళ్ళంట. నా దూడ గతేంటే?" అంది. పెద్ద పశువు తట్టుకున్నా పాలు తాగే దూడ తట్టుకోదు. అత్తకున్నదల్లా ఒక గేదె, దాని నెల దూడ.

మర్నాడు పశువుల డాక్టరుగారు వచ్చి, రాయడం వచ్చినదాన్నని నా చేతికి నోటుబుక్కు ఇచ్చారు. జబ్బు గేదెలున్న ఇళ్ళు రాసిపెట్టమన్నారు. బడి మొహం చూడని నాకు, దూది ఏకుతూనే అక్షరాలు దిద్దించిన నాన్నని తలుచుకుని, అల్లాకు షుక్రియా చెప్పుకుని బయలుదేరాను. వాకిట్లో నిలబడి అడిగాను. అందరూ ధారాళంగా చెప్పారు. నేనూ ధారాళంగా రాశాను.

నాలుగో రోజు డాక్టరుగారు మందు సీసాల ఐసుపెట్టెతో మోటారుసైకిలు మీద వచ్చారు. బుక్కు తిరగేసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ తిరగేశారు.

"అమ్మాయ్, మీ ఊళ్ళో గేదెలకన్నా జబ్బు గేదెలే ఎక్కువున్నాయే! ఊరంతా అంటుకున్నాక ఇంక సూది వేసి లాభం లేదు. పక్కూరికి పోతాను."

అత్త బండికి అడ్డం నిలబడింది. "మా దానికి ఏ జబ్బూ లేదు బాబూ! అసలీ పిల్ల ఏం రాసిందో చదవమనండి."

చదివాను. సగంలోనే అత్త నుదురు కొట్టుకుంది. "ఓసి నీ దుంపతెగ! అది పాలికిచ్చిన గేదె కదే!"

మా వైపు పాలికిచ్చారంటే గేదె ఒకరిది, మేపేది ఇంకొకరు. పాలు మేపేవాళ్ళకి, దూడలో సగం గేదెగలవాళ్ళకి. అడిగితే ఇద్దరూ "మా గేదే" అంటారు. నేను రెండిళ్ళలోనూ రాసేశాను.

"ఎవరి జబ్బు గేదె ఎదురుగా వాళ్ళు నిలబడండి, దూరంగా!" అని అత్త కేకేసింది. చూస్తే ఒక్కో గేదెకి ఇద్దరేసి మనుషులు. ఒకదానికైతే ముగ్గురు.

"నువ్వెవరయ్యా?" అన్నారు డాక్టరుగారు.

"మా చెల్లెల్ని ఆ ఇంటికే ఇచ్చాం గదండీ!"

ఇంకా జబ్బు సోకని గేదెలు బోలెడని తేలి, ఐసుపెట్టె తెరుచుకుంది. అత్త గేదెకి సూది పడింది. దూడ దక్కింది.

నా తప్పుకి ఆ దూడ పోవాల్సింది. అత్త నన్ను మళ్ళీ ఒక్క మాట అనలేదు, పైగా సాయంత్రం చెంబెడు పాలు పంపింది. ఆవిడ ఇప్పుడు లేదు. ఇది చదివినవాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళయినా సరే, మీ ప్రార్థనలో మా పాల అత్తని ఒక్కసారి తలుచుకోండి.