మా ఆయన గిటారు వైరు

మా ఆయన దేవరాజ్ ఎల్లారెడ్డిలో లైన్‌మన్. గాలివాన వచ్చి తీగలు తెగితే అన్నం ముందు నుంచైనా లేచి వెళ్తాడు. పదిహేనేళ్ల కాపురంలో ఆయనకు కోపం రావడం నేను చూసింది రెండు మూడు సార్లే. దేవుడు మా ఇంటికి పంపిన కోపమంతా నా ఒక్కదాని వాటాకే వచ్చినట్టుంది.

ఆయన పుట్టింది గాంధారి దగ్గరి పల్లెలో. మా మామ యోబు పగలంతా కూలికి పోయి, సాయంత్రం తాళాలు పట్టుకుని కీర్తనలు పాడేవాడట. ఈయన కామారెడ్డి హాస్టల్లో చదువుతూ గిటారు నేర్చుకున్నాడు. ఉద్యోగం వచ్చిన నాటి నుంచీ ప్రతి ఆదివారం మా చర్చిలో వాయిస్తున్నాడు. కానీ మా అత్తమ్మ సాలవ్వ ముందు వరుసలోనే కూర్చున్నా, కొడుకు వాయింపు ఒక్కసారీ వినలేదు. ఆమె చెవులు మందగించి చాలా ఏళ్లయింది. మైకులో చెప్పే వాక్యం వినిపిస్తుంది గానీ ఉత్త గిటారు వినిపించదు. చెవి మిషను కొనిస్తే, లోపల ఒకటే గోల అంటూ తీసి పెట్టెలో పడేసింది.

"అవ్వ ఒక్కసారన్న నా పాట వినాలె ఉమా" అని ఈయన నాతో ఎన్నిసార్లు అన్నాడో. అందుకోసమే పోయిన నెల, లోపల పికప్, అంటే తీగల శబ్దాన్ని పట్టే బ్యాటరీ పరికరం, ఉన్న గిటారు కొన్నాడు. వైరు పెడితే చాలు, శబ్దం నేరుగా సౌండ్ బాక్సుల్లోకి పోతుంది. మా పాస్టరు అయ్యగారు వైరు పెట్టి, ప్రార్థన చేసి, దాన్ని దేవునికి సమర్పించారు. ఆ ఆదివారం అది చర్చి అంతా మోగింది. మా ఖర్మ, ఆ రోజే అత్తమ్మ జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది.

తర్వాతి ఆదివారం ఆమె వచ్చింది. మొదటి కీర్తన సగంలోనే గిటారు బొంగురుపోయి ఆగిపోయింది. అందరూ వెళ్లాక ఈయన బ్యాటరీ మార్చి చూస్తే బాగానే పలికింది. మళ్లీ వారం మళ్లీ అదే తంతు. ఒకసారి మైకు వాళ్లను అన్నాడు, ఒకసారి బ్యాటరీ కంపెనీ మార్చాడు. మూడో వారం కూడా ఆగిపోయేసరికి సంఘపెద్ద స్వామిదాసు ఊరుకోలేదు.

"వచ్చే ఆదివారం కోత పండుగ దేవరాజ్. సుట్టుపక్కల ఊర్లోల్లంత వడ్లు, మక్కలు పట్టుకొని వస్తరు. అప్పుడు గూడ గిట్లనే ఆగితే మన ఇజ్జత్ పోతది. కీబోర్డాయనను పిలుస్తున్న. మొదటి కీర్తన నీకిస్త. అది ఆగిందంటే ఇగ నీ గిటారు ఇంటికి తీస్కపో."

ఆ పూట ఈయన అన్నం ముట్టలేదు. స్వామిదాసును నాలుగు తిట్టాలనిపించింది గానీ, తిడితే గిటారు మోగదు కదా. బుధవారం సెలవు పెట్టించి, పెట్టిన వైరు పెట్టినట్టే ఉన్న గిటారుతో, వెంటబడి కామారెడ్డి బస్సెక్కించాను. అక్కడ అజీముద్దీన్ భాయ్ మైకులు, ఆంప్లిఫయర్లు బాగు చేస్తాడు. ఆయన గిటారు నడుముకున్న మూత తీసి బ్యాటరీకి మీటరు పెట్టాడు. మూడు రోజుల కిందట వేసిన బ్యాటరీ అప్పటికే అయిపోవచ్చింది. కొత్తది వేసి తీగలు మీటితే దుకాణమంతా దద్దరిల్లింది.

"దీనికేం కాలేదన్నా. వాయించినంక వైరు ఏం జేస్తరు?"

"అట్లనే ఉంటది భాయ్. అయ్యగారు ప్రార్థన చేసి పెట్టిన వైరు, ఎవ్వలు ముట్టొద్దని అవ్వ చెప్పింది. మీద తెల్లబట్ట కప్పి పోతది."

అజీముద్దీన్ భాయ్ నుదురు కొట్టుకున్నాడు. "గా వైరు కొసకున్న పిన్నే స్విచ్చు! లోపలున్నంత సేపు బ్యాటరీ నడుస్తనే ఉంటది, నువ్వు వాయించినా, వాయించకపోయినా. రైతులకేమో మోటర్లు బందు జేయుండ్రి అని చెప్తవ్, నువ్వేమో వారమంత చాలూ పెడ్తవా? మరి గీ లాల్ బత్తీ ఎలిగితే చూడలేదా?"

"కరెంటు ఉన్నదనుకున్న" అన్నాడు మా లైన్‌మన్ నెమ్మదిగా. అది బ్యాటరీ అయిపోవచ్చిందని చెప్పే ఎర్ర దీపమట. నాకు నవ్వు ఆగలేదు.

భాయ్ పిన్ను మీది చిలుము తుడిచాడు. సౌండు పూర్తిగా తగ్గించాకే పిన్ను పీకాలని, లేకపోతే బాక్సులు ఠప్పుమంటాయని చెప్పాడు. వారాల తరబడి వాయించకపోతే బ్యాటరీ కూడా తీసి పెట్టమన్నాడు.

ఇంటికి వస్తుంటే ఈయనకు ఇంకో బెంగ పట్టుకుంది. అవ్వకు ఎవరు చెప్పాలి? ఎంత స్తంభమైనా ఎక్కుతాడు గానీ తల్లి మాట దాటమంటే నన్ను ముందుకు తోస్తాడు. చివరికి నేనే ఆమె చెవి దగ్గర గొంతు చించుకుని చెప్పాను. అత్తమ్మ చూపుడువేలు ఎత్తి అంది:

"తియ్యుండ్రి గని, ఉత్తగ గుంజుతరా? ప్రార్థనతోని పెట్టింది ప్రార్థనతోనే తియ్యాలె."

అయ్యగారు నవ్వు ఆపుకుని సరేనన్నారు. అప్పటి నుంచి మా చర్చిలో ఆశీర్వాదం అయ్యాక గిటారు వైరుకు కూడా ఒక చిన్న ప్రార్థన ఉంటుంది.

కోత పండుగనాడు చర్చి కిటకిటలాడింది. ముందు వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. కీబోర్డాయన వేళ్లు విరుచుకుని సిద్ధంగా ఉన్నాడు. ఈయన అప్పుడే వైరు పెట్టి, సౌండు మెల్లగా పెంచి, కీర్తన ఎత్తుకున్నాడు. నేను చరణాలు లెక్కపెడుతున్నాను. మొదటి చరణం దాటింది. రెండోది దాటింది. గిటారు బొంగురుపోలేదు, ఆగలేదు. చివరి దాకా గంటలా మోగింది.

అత్తమ్మ లేచి నిలబడింది. చెవిటి మనిషి కదా, మెల్లగా అంటున్నాననుకుని చర్చి అంతటికీ వినిపించేలా అంది:

"ఇన్నేండ్ల సంది నీకు వాయించరాదనుకున్న కొడుకా! నీ ఇజ్జత్ పోతదని ఎవ్వలకు చెప్పలె!"

చర్చి అంతా గొల్లున నవ్వింది. ఈయన నవ్వుతూనే మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. స్వామిదాసు కీబోర్డు వైపు చూడను కూడా చూడకుండా, రెండో కీర్తన కూడా దేవరాజే వాయిస్తాడని మైకులో చెప్పాడు.