ఒక్క బుడగ రాని వాల్వు

జువ్వలదిన్నె హార్బరు రోడ్డులో సమాధానం మేస్త్రీ షెడ్డుకి సరిగ్గా ఎదురుగా రూఫస్ షెడ్డు ఉంటుంది. అది కంటికి కనబడకూడదని సమాధానం తన షెడ్డు ముందు పాత పడవ చెక్కలు అడ్డంగా నిలబెట్టాడు. కాకపోతే రెండు చెక్కల మధ్య ఒక సందు వదిలాడు. రోజులో సగం ఆయన కన్ను ఆ సందు దగ్గరే ఉండేది.

సమాధానం పడవల డీజిల్ ఇంజన్లకు ముప్పై ఏళ్లుగా మేస్త్రీ. మూడు మైళ్ల దూరంలో వస్తున్న పడవ చప్పుడు విని, దాంట్లో ఏ నట్టు వదులైందో ఒడ్డునే చెప్పేవాడు. ఒకసారి ఆయన తుమ్మితే మొండికేసిన ఇంజను స్టార్టయిందని హార్బరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. తుమ్మిన మాట మాత్రం నిజం.

రూఫస్ ఆయన దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్నవాడే. తర్వాత ఎదురుగా షెడ్డు వేసుకుని కార్ల పని పట్టాడు. ఈ మధ్య బోగోలు డాక్టరు గారి కారుకి ఏదో చేశాడు. అప్పటినుంచి డాక్టరు గారు యాక్సిలరేటరు మీద కాలు తీసినప్పుడల్లా కారు భుస్సుమంటోంది. ఆ బుసకి హార్బరు గోడ మీది కొంగలన్నీ లేచి ఇసకపల్లి దాకా పోయి, దారి తెలియక మూడు రోజులకు తిరిగొచ్చాయి. కొంగలు పోతే పోయాయి, జనం కూడా రూఫస్ వైపే పోతున్నారు. సమాధానానికి అన్నం సయించడం మానేసింది.

ఒకరోజు రొయ్యల చెరువుల నరేంద్రబాబు కారు వచ్చి రూఫస్ షెడ్డు ముందు ఆగింది. ఆయన చెరువుల ఇంజన్లన్నీ పదిహేనేళ్లుగా సమాధానమే చూస్తున్నాడు. అదృష్టవశాత్తూ రూఫస్ సామాన్ల కోసం కావలికి వెళ్లాడు. సమాధానం చెక్కలు దాటి రోడ్డు మీదికొచ్చాడు.

"ఆడు లేడు బాబూ. ఏంది సంగతి?"

"చెన్నైలో టర్బోకి బూస్టు పెంచిచ్చినా మేస్త్రీ. కంపెనీ బ్లో-ఆఫ్ వాల్వు అంత గాలికి ఆగలా, లీకవతా ఉండాది. బండి లాగడంలా. రూఫస్ దాన్ని వైస్‌లో పెట్టి నొక్కి గట్టి చేస్తాడంట గదా."

"ఆడికి వైస్ తిప్పేది నేర్పించింది ఎవురు?"

"నీది డీజిలు గదా మేస్త్రీ."

"డీజిలు గాలి, పెట్రోలు గాలి అని వేరేగా ఉండాదా బాబూ? గాలి గాలే."

నరేంద్రబాబు తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "రేపు పొద్దున వస్తా. బాగా వచ్చిందంటే ఇంక నా కార్లు కూడా నీ కాడికే."

మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య అబిగయీలు విప్పి ఉన్న కారును చూసి గిన్నె కింద పెట్టింది.

"పడవలు చాల్లేదా నీకు?"

"పడవోళ్లు కూడా ఆడి షెడ్డు ముందరే టీ తాగతా ఉండారు."

"టీ తాగితే ఇంజను ఇచ్చినట్టా? పులుసులో కారం తక్కువేసినాలే. కడుపులో మంట ఉండేవాడికి అది చాలు."

సమాధానం గబగబా తిని, వాల్వు చేతిలోకి తీసుకున్నాడు. టర్బో ఇంజనులోకి తోసే గాలి దారి మీద ఉండే చిన్న రేకు డబ్బా, లోపల ఒక తలుపు, దాన్ని మూసి ఉంచే స్ప్రింగు. పైభాగం నొక్కితే స్ప్రింగు బిగుస్తుంది, ఎక్కువ గాలిని ఆపుతుంది. సందులోంచి చూసి ఇంతవరకు నేర్చుకున్నాడు. పడవల వాళ్లకు లీకు తెలిసేది నీళ్లలోనే. వాల్వును బకెట్టులో ముంచి గాలి పెట్టాడు. బుడగలు వచ్చాయి. వైస్‌లో దవడల మధ్య పెట్టి పావు తిప్పు నొక్కాడు. తగ్గాయి. ఇంకో పావు. రెండు మూడు బుడగలు మిగిలాయి. రూఫస్ అయితే ఇక్కడ ఆపేవాడు. ఆ ఆలోచన రాగానే ఆయన చెయ్యి ఇంకో తిప్పు తిప్పింది. ఒక్క బుడగ కూడా రాలేదు. కదలని నీళ్లలో ఆయన ముఖం నవ్వుతూ కనబడింది.

మర్నాడు పొద్దున నరేంద్రబాబు పక్కన కూర్చుని సమాధానం కారులో బయలుదేరాడు. బండి లాగింది. ఎంత లాగిందంటే, రోడ్డు పక్క కరెంటు స్తంభాలు దువ్వెన పళ్లలా దగ్గరికొచ్చాయి. "రూఫస్ షెడ్డు ముందర కాలు తియ్యండి బాబూ," అన్నాడు.

నరేంద్రబాబు కాలు తీశాడు. భుస్సు రాలేదు. కాళ్లు కట్టేసిన కోడి రెక్కలు కొట్టుకున్నట్టు, బానెట్టు కింద టపటపటప మంది. మళ్లీ తొక్కి తీస్తే మళ్లీ అదే.

టీ బెంచీ మీంచి ఎవరో అడిగారు. "మేస్త్రీ, లోపల పెట్టను పొదగేసినావా?"

రూఫస్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అతను నవ్వలేదు. అదే సమాధానానికి భరించరానిదయింది.

"ఇంక నడపొద్దు నరేంద్రన్నా, టర్బో పోతాది." వాల్వు విప్పి, పైన ఉన్న ముక్కుకి ట్యూబు తగిలించి, కొబ్బరిబోండాం తాగినట్టు బుగ్గలు లోపలికి పోయేలా పీల్చాడు. లోపలి తలుపు కదల్లేదు. "కాలు తీస్తే గాలి దారిలో రేకు మూసుకుంటాది, ఇంజను ఇట్టా పీలస్తాది మేస్త్రీ. అప్పుడిది తెరుచుకోవాల. తెరుచుకోకపోతే గాలి వెనక్కి తిరిగి టర్బోని కొడతాది."

"డీజిలుకి ఇదంతా లేదే."

"డీజిలుకి గాలి దారిని మూసే రేకే లేదు గదా. నాకు చెప్పింది నువ్వే."

నిజమే. పడవ మీద కూర్చుని, ఇంజను విప్పి మరీ చూపించాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని సమాధానానికి గుర్తొచ్చింది.

ఒకసారి నొక్కుకుపోయిన డబ్బా మళ్లీ సాగదు గనక, రూఫస్ తన దగ్గరున్న అలాంటిదే ఇంకో వాల్వు తెచ్చాడు. "నీ బకెట్టు ఇయ్యి మేస్త్రీ." కొంచెం నొక్కాడు, పీల్చి తలుపు తెరుచుకుంటోందో లేదో చూశాడు, నీళ్లలో ముంచాడు, మళ్లీ కొంచెం నొక్కాడు. మూడు బుడగలు మిగిలాయి. వైస్ వదిలేశాడు.

"ఇంకో పావు తిప్పు," అన్నాడు సమాధానం.

"చాల్లే మేస్త్రీ."

మూడు బుడగలు చూస్తూ చెయ్యి ఎలా ఆపుకున్నాడో సమాధానానికి అర్థం కాలేదు. డాక్టరు గారి కారుకన్నా, టీ బెంచీకన్నా, ఆ ఆగిన చేతిని చూసే ఆయనకు ఎక్కువగా కన్ను కుట్టింది.

కారు భుస్సుమంటూ వెళ్లిపోతుంటే నరేంద్రబాబు కిటికీలోంచి, "చెరువు ఇంజన్లు నీకేలే మేస్త్రీ," అన్నాడు. ఆ గొంతులో జాలి ఉంది.

మర్నాడు అన్నం తెచ్చిన అబిగయీలు షెడ్డు ముందు ఆగింది. అడ్డం పెట్టిన చెక్కల్లో ఒకటి లేదు. రూఫస్ బల్లా, వైస్, అతని రెండు చేతులూ బాగా కనబడుతున్నాయి.

"ఏందయ్యా, చెక్క తీసేసినావు?"

"ఉక్కగా ఉండాది," అన్నాడు సమాధానం, అటే చూస్తూ.