చీరలో జలపాతం

మా చేలో కాసిన మిరపకాయ ఒకటి కొరికి, మీద నీళ్ళు తాగకుండా చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. మా వైపు ఇంతకన్నా పెద్ద ఒట్టు లేదు. చెబుతూ ఉండగా కళ్ళు చెమరిస్తే అది కాయ ఘాటు, నేను కాదు.

వీడియో క్యాసెట్లు పోయి ఇంటింటికీ సీడీ ప్లేయర్లు వచ్చిన కొత్తలో, గుంటూరుకి దిగువన ఒక చిన్న టౌన్లో నేను పెళ్ళి వీడియోలు తీసేవాణ్ణి. నా దగ్గర ఒక మిక్సింగ్ వాడు ఉండేవాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, నేను తీసుకొచ్చిన ముక్కలు అతికించడం వాడి పని. వాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ రోత. కీబోర్డు మీద కాగితం పరిచి మిరపకాయ బజ్జీలు తినేవాడు. మౌస్ పట్టుకుంటే చేతికి అంటుకునేది. చిటికెన వేలి గోరు పొడుగ్గా పెంచి, దాంతోనే చెవి గోక్కుని, దాంతోనే తెర మీద గీసి చూపించేవాడు.

ఆ రోజుల్లో సీడీలో ఒక పాట లేకపోతే అసలు పెళ్ళే జరగనట్టు. పందిరి వెనక పచ్చగుడ్డ కట్టి, కొత్త దంపతుల్ని దాని ముందు నిలబెట్టి తీసేవాళ్ళం. కంప్యూటర్లో ఆ పచ్చదనం మీద ఒక్క నొక్కు నొక్కితే పచ్చగా ఉన్నదంతా పోతుంది. ఆ జాగాలో మంచుకొండ, జలపాతం, ఎవరిదో పాలరాతి మేడ, ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. మా దగ్గరున్నవి నాలుగే. అందువల్ల చుట్టుపక్కల ఊళ్ళ జంటలన్నీ ఆ నాలుగు చోట్లే తిరిగాయి. ఒకే హంస అందరి వెనకా ఈదింది. ఎండాకాలం పెళ్ళిలో మంచుకొండ మీద నిలబడి పెళ్ళికొడుకు తువ్వాలుతో మెడ తుడుచుకునేవాడు. ఇక ఆ పచ్చగుడ్డ సంగతి. దాని మీద పసుపు, సాంబారు, ఎవడో చేతులు తుడుచుకున్న నెయ్యి. అది మడత విప్పితే వాసనకి నాకు అన్నం సహించేది కాదు.

ఒక మిరప రైతు ఇంట్లో పెళ్ళి. పెళ్ళికూతురి తల్లికి కనిగిరి వైపు ఒక అన్న ఉన్నాడు. తమ అమ్మ దినాల్లో వడ్డన దగ్గర మాటా మాటా అనుకుని, ఆ అన్నాచెల్లెళ్ళు ఎనిమిదేళ్ళు పలకరించుకోలేదు. ఆయన మేనకోడలి పెళ్ళికి వచ్చాడు. మేనమామ చీర చేతుల్లో పెట్టుకుని వచ్చాడు. చిలకపచ్చ పట్టు, ఎర్ర అంచు, చెప్పి నేయించింది. ఆ చీర చూసి చెల్లెలు తలుపు పట్టుకుని ఏడ్చింది. తలంబ్రాలయ్యాక పిల్ల అదే కట్టుకుని పాటకి నిలబడింది.

పచ్చచీరకి నీలం గుడ్డ కట్టాలి. నా దగ్గర ఉంది. కానీ ముందు రోజు మబ్బు పట్టిందని మావాళ్ళు దాన్ని కల్లంలో ఎండుకాయల మీద కప్పారు. ఆ ఘాటు పట్టిన గుడ్డ ముందు ఎవర్ని నిలబెట్టినా తుమ్ములే. సరే అని పచ్చదే కట్టాను. మిక్సింగ్ వాడికి మాత్రం చెప్పాను.

"ఒరేయ్, చీర పచ్చది. చూసి నొక్కు."

వాడు చూడకుండా నొక్కాడు. చీర పోయింది. తల, చేతులు, ఎర్ర అంచు మిగిలాయి. మధ్యలో జలపాతం.

"ఇదేంట్రా?"

"ఏం కాదన్నా. ఎఫెక్ట్ అనుకుంటారు."

గోటితో పళ్ళు కుట్టుకుంటూ అన్నాడు ఆ మాట.

పదహారు రోజుల పండగనాడు ఆ ఇంట్లో సీడీ పెట్టారు. మేనమామ ముందు వరసలో కూర్చున్నాడు. పాట వచ్చింది. పిల్ల పొట్టలోంచి నీళ్ళు దూకుతున్నాయి. పిల్లకాయలు పడీపడీ నవ్వారు.

"నా చీర ఏదమ్మాయ్?" అన్నాడాయన చెల్లెలితో.

"నీ ఎదురుగానే కట్టింది కదా అన్నయ్యా."

"కట్టింది. రేపు ఊరంతా చూసేది దీన్ని. అందరి చీరలూ ఉన్నాయి. నాదొక్కటే లేదు."

"మిషన్లో ఏదో అయ్యుంటుంది."

"మిషన్‌కి నామీద కోపమేముంటుంది?"

విస్తరి వేసి ఉంది. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆ చెల్లెలు మా షాపుకొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏమయ్యా, చీర తుడిచెయ్యమని నేను చెప్పానా?"

"లేదమ్మా."

"ఆ ఒక్క మాట మా అన్నయ్యకి చెప్పిరా. నేను చెబితే నమ్మడు. చేసినవాడివి, నువ్వు చెబితే నమ్ముతాడు."

వెళ్ళాను. కంప్యూటరంతా మూటగట్టి, మానిటర్ ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళాను. కరెంటు వచ్చేదాకా ఆయన నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆయన దొడ్డినే కెమెరాతో తీసి, తెర మీద పచ్చదనాన్ని ఒక్క నొక్కు నొక్కాను. ఆయన చేతిలో తమలపాకు పోయింది. వేపచెట్టు పోయి కొమ్మ మీది కాకి గాల్లో నిలబడింది. మేక నోట్లో ఆకు పోయింది; అది జలపాతాన్ని నములుతూ మావైపు చూసింది. ఆయన మేకనీ తెరనీ మార్చిమార్చి చూసి, ముందు మీసంలో నవ్వాడు, తర్వాత కూర్చుని నవ్వాడు.

"అయితే మా చెల్లెలు చేయించలేదన్నమాట."

"నా తప్పండీ."

ఆ సాయంత్రం బస్సుకే ఆయన నాతో వచ్చి, చెల్లెలి చేత్తో అన్నం తిన్నాడు.

మిరపకాయ మంట దిగింది కాబట్టి ఇప్పుడు మిగతాది చెబుతాను. నేను కనిగిరి వెళ్ళలేదు. మేక లేదు, కాకి లేదు. పెళ్ళిళ్ళ సీజన్ మొదట్లో తప్పు నాదని ఒప్పుకుంటే ఎవరు పిలుస్తారని, రేపు వెళ్తాను, ఎల్లుండి వెళ్తాను అన్నాను. ఆమె రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. ఆ అన్న మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఇంకొకటి. మిక్సింగ్ వాడంటూ కూడా ఎవడూ లేడు. అంత చిన్న షాపులో ఇద్దరికి పనెక్కడిది? తీసిందీ నేనే, నొక్కిందీ నేనే, ఎఫెక్ట్ అనుకుంటారులే అని నాకు నేను చెప్పుకున్నదీ నేనే. బజ్జీలు నావే. ఆ గోరు ఈమధ్యే కత్తిరించాను.