వాయనంలో వెళ్ళిపోయిన సరస్సు

జాకెట్టు ముక్క లేని తాంబూలం మా అమ్మ దృష్టిలో ఉప్పు లేని పప్పు. మూడు నెలల వీసా మీద సింగపూరు వచ్చినప్పుడు ఆవిడ పెట్టెలో సగం ఆవకాయ, సగం జాకెట్టు ముక్కలే. "ఇక్కడెవరున్నారమ్మా పెట్టడానికి?" అంటే, "వెతికితే లంకలోనూ ఉంటారు మనోళ్ళు" అంది. ఆ మాటా నిజమే. అప్పట్లో మా పేట బుకిట్ బటోక్‌లో ఏ లిఫ్టు ఎక్కినా జావా గురించో, వీసా గురించో మాట్లాడుకునే తెలుగు జంట ఒకటి ఎదురయ్యేది.

నేను రాఫెల్స్ ప్లేస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగు చేసేదాన్ని. మా టీమ్ లీడరుది ఫిన్లాండు. ఆవిడ మాటలు పొదుపు, నవ్వు ఇంకా పొదుపు. ఒకసారి భోజనానికి పిలిచింది. మనం దేవుడి పటాలు పెట్టుకునే చోట ఆమె గోడకి ఒక గుడ్డ వేలాడుతోంది. కప్పు నుంచి నేలదాకా ఒకటే బొమ్మ. పైన సన్నటి నల్ల గట్టు, దాని కింద అంతా నీలం నీళ్ళు, అడుగున గోధుమరంగు రాళ్ళు. చీర మీద బుటాలా మళ్ళీ మళ్ళీ వచ్చేది కాదు. నాలుగడుగులు వెనక్కి వేస్తే గాని అది సరస్సని తెలియలేదు.

అది వాళ్ళమ్మ గీసిందట. అక్కడి బట్టల మిల్లులో ఆవిడ డిజైనరు. నేల మీద కాగితం పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, తన ఊరి సరస్సుని కుంచెతో గీస్తే, రంగుకో స్క్రీను చేసి గుడ్డ మీద అచ్చు వేశారు. ఆవిడ గీసిన చిన్న పువ్వుల దిండు గలీబులు దేశమంతా కొన్నారట గానీ, ఇంత పెద్ద సరస్సుని ఎవరూ కొనలేదు. మిల్లు ఆపేసింది. మిగిలింది ఈ ఒక్కటే.

కొన్నాళ్ళకి వాళ్ళమ్మకి బాగాలేదని కబురొస్తే, ఆమె ఒక్క పెట్టెతో విమానం ఎక్కింది. వెళ్ళే ముందు ఆ గుడ్డని చుట్టి నా చేతికిచ్చి, వచ్చాక తీసుకుంటానంది. నేను బీరువాలో పెట్టాను, అది ఎవరిదో అమ్మకి చెప్పలేదు. గంజి వాసన కూడా పోని గుడ్డ.

శ్రావణ శుక్రవారం నాడు నాకు సెలవు దొరకలేదు. అమ్మే వ్రతం చేసింది. అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు, తెచ్చిన ముక్కలు అయిపోయాయి. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి పేరంటాళ్ళు లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నారు. ఒకావిడ చేతిలో శనగల పొట్లం కింద నీలం రంగు కనబడింది. లోపలికి పరుగెత్తి బీరువా తెరిస్తే ఆ గుడ్డ లేదు.

"తానులోంచి చింపుకొచ్చిన గుడ్డనుకున్నానే. వరసా పాడూ లేని బొమ్మ, ఎక్కడ కోస్తే ఏంటిలే అనుకున్నా" అంది అమ్మ. వెళ్ళి అడుగుదాం రమ్మంటే చెంపలేసుకుంది. "ఇస్తినమ్మ వాయనం అన్నాను, పుచ్చుకుంటినమ్మ వాయనం అన్నారు. అమ్మవారి ముందు ఇచ్చింది వెనక్కి అడుగుతారటే ఎవరైనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవర్ని తిట్టను? అమ్మ దాచుకోలేదు, పారెయ్యలేదు. పదిమందికి పంచింది.

మరుసటి వారం ఫిన్లాండు నుంచి ఫోను. వాళ్ళమ్మ కూతుర్ని కూడా గుర్తుపట్టడం లేదట. కానీ ఒకరోజు పాత దిండు గలీబు చూసి "ఇది నాది" అందట. చాలాకాలానికి పలికిన మాట. "సరస్సు చూపిస్తే ఇంకా మాట్లాడుతుందేమో. దాని కోసమే వస్తున్నాను" అంది. ఆమె గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు. జరిగింది చెప్పాను. అంతా విని, దొరికినన్ని ముక్కలు ఉంచమంది.

అమ్మకి చెబితే, "కన్నకూతుర్నే గుర్తుపట్టడం లేదా?" అంది. కాసేపటికి తనే లేచి చీర మార్చుకుని, "పదవే, అడుగుదాం. అమ్మవారికి నేను చెప్పుకుంటాలే" అంది.

తల ప్రాణం తోకకొచ్చింది. ఒకింట్లో అది కంప్యూటరు మానిటరు మీద ఉంది. "డస్ట్ పడకుండా కప్పానంతే, తీస్కోండి ఆంటీ" అంది ఆ అమ్మాయి. ఇంకొకావిడ తన పేరంటంలో బూన్ లే పేటలో ఉండే ఒకావిడకి పెట్టేస్తే, అక్కడిదాకా వెళ్ళి తెచ్చాం. జాకెట్టు ముక్కలకి కాళ్ళుంటాయని తెలిసి కూడా ఎంత తిట్టుకున్నానో. మరొకావిడ ముక్కని దర్జీ అప్పటికే చేతులు, వీపు కత్తిరించి కుట్టేశాడు. పాపం, ఆవిడ కుట్లు విప్పి ఇచ్చింది. ఒక్క ముక్క మాత్రం దొరకలేదు. అది పుచ్చుకున్నావిడ భర్తకి ప్రాజెక్టు పోయి, జంటగా ఇండియా వెళ్ళిపోయారు. ఫోను నంబరు పనిచెయ్యలేదు.

సోఫా జరిపి, హాల్లో అన్నీ పరిచాం. సరిగ్గా నీళ్ళ నడుమన ఒక పట్టీ లేదు. అమ్మ అక్కడ తెల్లగుడ్డ పెట్టి, అన్నిటినీ సన్నటి కుట్టుతో కలిపింది. దగ్గరనుంచి చూస్తే పరవాలేదనిపించేది. వెనక్కి జరిగితే అతుకులే కనబడేవి.

మా లీడరు వచ్చి, నేల మీద కూర్చుని, ఆ కుట్ల మీద చెయ్యి రాసింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పైపోయింది తల్లీ" అంది. ఆమె తల ఊపింది. గుడ్డ మడిచి పట్టుకుపోయింది.

వారం తర్వాత ఫోను చేసింది. మంచం ఎదురుగా గోడకి కట్టిందట. వాళ్ళమ్మ పొద్దుటినుంచీ దాన్నే చూసి, సాయంత్రం లేచి వెళ్ళి, ఆ తెల్లగుడ్డ మీద అరచెయ్యి ఆనించి నిలబడిందట. పెదాలు కదిలాయట. మాట రాలేదట. చెయ్యి పట్టి తీసుకొచ్చి పడుకోబెట్టారట.

"గుర్తుపట్టిందంటావా?" అని నన్నడిగింది. ముక్క పోకుండా ఉంటే మాట వచ్చేదా అని మాత్రం అడగలేదు.

వంటింటి గుమ్మంలో అమ్మ, పిండి చేతులతో నిలబడి నా మొహంలోకే చూస్తోంది. "ఏమందే? గుర్తుపట్టిందా వాళ్ళమ్మ?"

ఫోను చేత్తో మూసి, "నువ్వు పెట్టిన తెల్లగుడ్డ మీదే చెయ్యి ఆనించిందట" అన్నాను.