చీటీలో పేరు

ఆ పెద్దావిడ పేరు నాకు తెలియదు. కావలి నుంచి నెల్లూరు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చుంది, ఒడిలో బైబిల్. నెల్లూరులో నా కూతురిని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారని ఫోనొచ్చింది. ఆ తర్వాత కబురు లేదు. నిమిషానికోసారి ఫోన్ చూసుకుంటుంటే ఆమే సంగతి రాబట్టింది.

"బిడ్డ పేరు చెప్పు నాయనా, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటా" అంటూ బైబిల్లోంచి పేర్ల చీటీ, పెన్సిలు తీసింది.

"దేవుడున్నాడని నాకు నమ్మకం లేదమ్మా" అన్నాను. కాలేజీ రోజుల నుంచీ ఆ వాదనలో ఓడినవాణ్ణి కాను.

ఆమె తలెత్తలేదు. "ఉండాడా లేడా అని నేనడగలేదే. బిడ్డ పేరు గదా అడిగినాను."

చెప్పాను. రాసుకుంది. చీటీలో పైన అదే పేరు ఇంకెవరిదో కనిపించింది.

"అమ్మా, ఇంటిపేరు కూడా రాయండి" అన్నాను.