స్కోగ్లండ్ గారి ‘అవదు’

ఏ పని గురించి ఎవరేం చెప్పినా ప్రొఫెసర్ స్కోగ్లండ్ నోట ఒకటే మాట: “అవదు.” పెళ్లినాడు చర్చిలో పాదిరి “ఈమెను జీవితాంతం చూసుకుంటావా?” అని అడిగినప్పుడు కూడా ఆ మాటే నాలుక చివరిదాకా వచ్చి ఆగిందని ఆయన ల్యాబు చూసుకునే వెర్నా అందరికీ చెప్పేది. మిన్నెసోటాలో హుషారైన మనుషులు మామూలుగానే తక్కువ. అక్కడివాళ్లందరిలోకీ ఈయన మరీ అన్యాయం.

మారిబెల్ ఓచోవా ఆ మాటను వేసవి పరిశోధన శిక్షణకు వచ్చిన మొదటి రోజే విన్నది. నెబ్రాస్కాలో ఓ చిన్న కాలేజీ పిల్ల. జీవశాస్త్రాన్ని లెక్కలతో చదవాలని పిచ్చి ఆశ. ఆఖర్న, ఎవరి పరిశోధన వాళ్లు పోస్టరుగా వేసి అందరికీ చూపించే పోస్టర్ల రోజుకు, చూపించడానికి ఏమీ లేకపోతే చదువు మానేసి బాబాయి టైర్ల కొట్లో కూర్చుంటానని ఇంట్లో మాటిచ్చి వచ్చింది.

“ఈస్ట్ కణాలకి పగలూ రాత్రీ తేడా తెలుస్తుందేమో చూద్దామనుకుంటున్నానండీ.”

“అవదు. మొదలుపెట్టు.”

“అవదంటూనే మొదలుపెట్టమంటారేంటండీ?”

“మొదలుపెట్టకపోతే ఎందుకవదో ఎలా తెలుస్తుంది?”

జూన్ అంతా ఒకటే ముసురు. కాఫీ మిషను బాగుచేయడానికి వచ్చినవాడితో స్కోగ్లండ్ “అవదు” అన్నాడు. నిజంగానే అవలేదు. ఆ వారమంతా ఆయన మొహంలో కాస్త కళ కనిపించింది. వెర్నా పుట్టినరోజున ఎవరో “ఇంకో యాభై ఏళ్లు ఇలాగే ఉండాలి నువ్వు” అంటే, “అవదు” అని కేకు ముక్క తీసుకుని వెళ్లిపోయాడు.

జూలైలో మారిబెల్ గ్రాఫు లేచింది. పళ్లెంలో కణాలను లెక్కేసే మిషను ప్రకారం, రోజూ సాయంత్రమయ్యేసరికి కణాలు పెరుగుతున్నాయి, తెల్లారేసరికి తగ్గుతున్నాయి. ఎదురు ల్యాబు ప్రొఫెసర్ ప్రెంటిస్ చూసి, “నీ పంట పండింది పిల్లా, పేపరు ఖాయం” అన్నాడు. స్కోగ్లండ్ మాత్రం కళ్లద్దాలు ఎత్తి చూసి, “ఈస్ట్ వేయని ఉత్త ద్రవం కూడా పళ్లెంలో పెట్టి చూడు” అన్నాడు.

పెట్టింది. మర్నాడు చూస్తే ఉత్త ద్రవంలో కూడా లెక్క సాయంత్రం పెరిగి పొద్దున తగ్గింది. వారం రోజులు వెతికితే సంగతి బయటపడింది. కరెంటు ఆదాకని సాయంత్రాలు భవనంలో ఏసీ కట్టేస్తారు. అప్పుడు పళ్లెం మూతకు ఆవిరి పడుతుంది, తెల్లవారుజామున మళ్లీ ఏసీ వేశాక ఆరిపోతుంది. ఆ ఆవిరినే మిషను కణాలనుకుని లెక్కేస్తోంది. వేసవి మొత్తం బూడిదలో పోసిన పన్నీరైంది. మారిబెల్ పెట్టె సర్దుకుంది.

“మీరు ముందే అవదన్నారుగా,” అంది ఏడుస్తూ. “ఇంటికి పోతాను.”

“పోస్టరు వేసి పో.”

“ఏముందని వేయను?”

“ఎందుకవలేదో వేయి.”

పోస్టర్ల రోజు కూడా వానే. స్కోగ్లండ్ పొద్దున్నుంచీ మారిబెల్ పోస్టరు పక్కనే దీపస్తంభంలా నిలబడ్డాడు. భోజనానికి కూడా కదల్లేదు. ఆయన దేనికి కాపలా కాస్తున్నాడో ఆమెకు అర్థం కాలేదు. ఇంతలో ప్రెంటిస్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. “అయితే ఈస్ట్‌కి కాదు, ఏసీకి పగలూ రాత్రీ తెలుసని కనిపెట్టావన్నమాట,” అన్నాడు. నలుగురూ నవ్వారు. మారిబెల్‌కు తల కొట్టేసినట్టయింది.

“అది కనిపెట్టడానికి ఈ అమ్మాయికి ఒక్క వేసవి పట్టింది,” అన్నాడు స్కోగ్లండ్ నింపాదిగా. “నీ మిషనూ ఇదే భవనంలో ఉంది ప్రెంటిస్. నీకింకా తెలియలేదు.”

ప్రెంటిస్ నవ్వు సగంలో ఆగిపోయింది. చేతిలో కప్పు అక్కడే పెట్టి గబగబా తన ల్యాబు వైపు నడిచాడు.

వెర్నా మారిబెల్ చెవిలో గొణిగింది. “ఎందుకలా అంటాడో ఇప్పుడైనా తెలిసిందా? అవదని ముందే ఆయన అనేస్తాడు. అవకపోతే ఇక తప్పు పిల్లలది కాదు, ఆయన మాట నెగ్గినట్టు. ఇన్నేళ్లలో ఆయన దగ్గరకొచ్చినవాళ్లు ఒక్కరూ ఓడిపోయామని చదువు మానలేదు.”

మారిబెల్ ఆయనవైపు తిరిగింది. “డిగ్రీ అయ్యాక పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకుంటే నెగ్గుకొస్తానంటారా?”

“అవదు. మొదటి ఏడు అస్సలు అవదు. రెండో ఏడు మిషను చెడిపోతుంది.”

“మరేం చేయమంటారు?”

“ఇక్కడే పెట్టుకో,” అన్నాడు స్కోగ్లండ్ కిటికీలోంచి వాన చూస్తూ. “అవనప్పుడు పక్కన ఎవరో ఒకరుండాలిగా.”